వన్స్ మోర్‌కు లేవని సేనాపతి

ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. దయ్యాల కథలు చెప్పుకునే పిల్లల్ని బెంచీ ఎక్కించేదాన్ని. ఇప్పుడు నాకు డెబ్బై ఆరు. ఆ అభిప్రాయం మార్చుకోలేదు. అందుకే పోయిన చలికాలం జర్మనీలో, ఎర్లాంగెన్‌లో జరిగింది తలచుకుంటే నాకు భయం కాదు, చిరాకు.

మా ఆయన పద్యనాటకాలు ఆడేవారు. ఆయనే రాసుకున్న నాటకంలో ఒక సేనాపతి ఉంటాడు. ఎవరికీ తల వంచడు. ఆ పంతంతోనే కొడుకునీ, కోటనీ, చివరికి ప్రాణాన్నీ పోగొట్టుకుంటాడు. పోయేముందు ఒక పద్యం పాడతాడు. పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అనడం, చచ్చి పడిన నటుడు లేచి మళ్ళీ పాడి మళ్ళీ చావడం మన రంగస్థలం మీద మామూలే. మా ఆయన మాత్రం ఎంత అరిచినా లేచేవారు కాదు.

ఆయన నోటుపుస్తకంలో ఆ పద్యానికి మూడు పాదాలే ఉన్నాయి. నాలుగోది అడిగితే, “అది రాయను. ఒక్కసారి వచ్చి విను” అనేవారు. ఆయన అరవై ఒక్కసార్లు ఆడారు. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. ఎప్పుడూ దిద్దాల్సిన పేపర్లుండేవి. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. తోటి నటులు ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఏదీ ఛందస్సుకు కుదరలేదు.

ఎర్లాంగెన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండగా అక్కడి తెలుగు విద్యార్థులు ఆ నాటకం వేస్తామన్నారు. నాలుగో పాదం నేనే రాసిచ్చాను. గణాలు సరిపోయాయి. ఆయన మాట కాదని తెలుస్తూనే ఉంది.

పదకొండు రిహార్సల్స్‌లో అందరూ వచ్చినవి మూడే. ఒకరికి డాక్టరు దగ్గర టెర్మిన్, ఇంకొకరికి పరీక్ష. సేనాపతి వేషం హైదరాబాద్ కుర్రాడు ఇమ్రాన్‌ది. సైకిల్ మీద నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చి, “ఎదురుగాలి దాదీమా” అనేవాడు.

“ఆ గాలి నీ ఒక్కడికేనా నాయనా?” అనేదాన్ని.

గొంతు మాత్రం బంగారం. ఒకటే షరతు పెట్టాను: వన్స్ మోర్ అన్నా లేవకూడదు.

ఆదివారం మధ్యాహ్నం ఒక స్కూలు హాల్లో ప్రదర్శన. తెర పక్కన స్టూలు మీద నాటకం ప్రతి, ఎర్ర పెన్ను, వాచీ పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా పాడిన ప్రతి పాదానికీ టిక్కు, రాసింది కాక వేరే మాట పాడితే అడ్డగీత పెట్టడం నా పద్ధతి.

3:52కు ఇమ్రాన్ పద్యం పాడి పడిపోయాడు. నాలుగు టిక్కులు. జనం వన్స్ మోర్ అన్నారు. అతను పాడలేదు. అరుపులు ఆగాయి. అప్పుడు పద్యం మళ్ళీ మొదలైంది.

చెప్పిన మాట విననందుకు నాకు ఒళ్ళు మండింది. తెర అడ్డం, మనిషి కనబడడం లేదు. చేయి అలవాటుగా గుర్తులు పెడుతోంది, కళ్ళు వాచీ మీదే ఉన్నాయి. ఒక నిమిషం నలభై సెకన్లు. తెర పడగానే ఇమ్రాన్‌ని నిలదీశాను.

“నేనెక్కడ పాడిన దాదీమా? సచ్చినోడు కదలొద్దని మీరే గదా అన్నది. మీరే ఎవరితోనో పాడిపిచ్చిన్రు అనుకున్న.”

హాలు తాళం వేయడానికి వచ్చిన హౌస్‌మైస్టర్‌కు తెలుగు ముక్క రాదు. రెండోసారి పాడిన ముసలాయన ఏడని మా అమ్మాయిని అడిగాడు.

అమ్మాయి ఫోన్లో తీసిన వీడియో చూశాం. వన్స్ మోర్ కేకలున్నాయి. తర్వాత ఒక నిమిషం నలభై సెకన్లు నిశ్శబ్దం, ఒక్క దగ్గు కూడా లేదు. ఆపైన చప్పట్లు.

ఇరవై ఆరుమందిని అడిగాను. అందరూ విన్నారు. చాలా బాగుందన్నారు. మాటలు ఎవరికీ గుర్తులేవు. నాకూ లేవు.

ఇంటికొచ్చి ప్రతి తెరిచాను. ఆ గొంతు ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండోసారికి నేను పెట్టిన గుర్తులు మాత్రం ఉన్నాయి. మొదటి మూడు పాదాలకూ టిక్కులు. నేను రాసిచ్చిన నాలుగో పాదం పక్కన ఎర్ర సిరాతో అడ్డగీత, ‘తప్పు’ అని నా చేతిరాత.