మోనే కలువలు, వసుంధర గారి జాకెట్లు

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఏళ్ళ తరబడి తెలుగు స్త్రీలకు జాకెట్లు కుడుతున్న వసుంధర గారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషనుకు జంకి ఆమె వాయిదా వేస్తూ వచ్చారు. ఒకనాడు నీలం పట్టుచీరకు కుట్టిన జాకెట్టు ఆకుపచ్చగా ఉన్నదని తిరిగి రావడంతో, మిషను ముందు నీరసంగా కూలబడ్డారు.

“అమ్మా, మోనే అనే ఫ్రెంచ్ పెయింటర్‌కీ ఇదే ప్రాబ్లమ్. రంగులు కనపడక ట్యూబుల మీద పేర్లు చూసి వేసేవాడట,” అన్నది కూతురు రేష్మ.

“ఆపరేషన్ చేయించుకున్నాడా?”

“చాలా ఏళ్ళు భయపడి, చివరికి ఒక కంటికి చేయించుకున్నాడు. తర్వాత మళ్ళీ తన కలువలే వేశాడు.”

“అదృష్టవంతుడు. ఆయన కలువలు రంగు తప్పిందని తగువుకు రాలేదు. నా జాకెట్లు కారెక్కి మరీ తిరిగొస్తున్నాయి.”

ఆమె అలసటగా కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“అపాయింట్‌మెంట్ బుక్ చేయి. ముందు ఒక్క కంటికే.”