రేడియోలో మా అత్త పేరు

మనవరాలి ఫోనులో ఒక గుంపు ఉంది. అందులో వందలమంది ఉన్నారట. ఒకరి ముఖం ఒకరు చూడలేదట. పాటల గురించి, ఆటల గురించి, కొత్తగా వచ్చిన యంత్రాల గురించి, చివరికి పప్పులో వేసే పులుపు గురించి కూడా తగువులాడుకుంటారట. "మీ కాలంలో ఇట్లాంటిది యాడుంది అవ్వా?" అని నా మీద జాలిపడింది. ఉండింది తల్లీ. ఆదోనిలో మా ఇంటి అరుగు మీదే ఉండింది. కాకపోతే అందులో ముఖాలు కూడా కనిపించేవి. అదొక్కటే లోపం.

దాని పేరు శ్రోతల సంఘం. మా ఆయన దూదిమిల్లులో ఫిట్టరు. వీధిలో మొదట రేడియో కొన్నది ఆయనే కాబట్టి కార్యదర్శి అయ్యాడు. అధ్యక్షుడు మంత్రాలయం వైపు పూజారుల ఇంటి నుంచి వచ్చిన అయ్యవారు. బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాడు కానీ, చెప్పడం మాత్రం మానలేదు. మొత్తం పదకొండుమంది సభ్యులు. ఆదివారం మధ్యాహ్నం కోరిన పాటలు వచ్చే వేళకు అందరూ చేరేవాళ్లు. రేడియో వాళ్లకు కార్డు రాసేది మా ఆయన. కింద పదకొండు పేర్లు వరుసగా రాసి, చివర "మరియు కుటుంబ సభ్యులు" అని పెట్టేవాడు. నేను ఆ మరియులో ఉండేదాన్ని.

ఆ అరుగు మీద తేలని విషయం లేదు. రేడియో సెల్లులు అయిపోతే ఎండలో పెడితే బలం తిరిగి వస్తుందని అధ్యక్షుడు కనుగొన్నాడు. కనుగొనడం ఆయన వంతు, ఎండబెట్టడం నా వంతు. మిద్దె మీద మిరపకాయల పక్కన సెల్లులు ఆరబోసి, కాకులు రాకుండా కాపలా కూర్చున్నాను. కాకులకు సెల్లులంటే ఇష్టం లేదని నేనూ ఒకటి కనుగొన్నాను. అది సంఘం పుస్తకంలోకి ఎక్కలేదు.

ఒక సభ్యుడు హైదరాబాదు పోయి టీవీ చూసి వచ్చాడు. ఇక రెండు ఆదివారాలు అదే గొడవ.

"పెట్టెలో వార్తలు సదివే ఆమె సక్కగా మనల్నే సూస్తాండాదప్పా!"

"అయితే మనం ఆమెకు కనపడతామా?"

"కనపడకుంటే ఎందుకు సూస్తాది?"

"మరి నువ్వు బనీనుతో కూసోనుంటే?"

అధ్యక్షుడు కళ్లు మూసుకుని ఆలోచించాడు. టీవీ మన ఊరికి వచ్చిన నాడు సభ్యులందరూ చొక్కాలు తొడుక్కుని చూడాలని తీర్మానం రాశారు. అది మాత్రం పుస్తకంలోకి ఎక్కింది.

పాటలు వింటూనే పులిమేక ఆడేవాళ్లు. అరుగు బండ మీద ఎవరో పాతకాలంలో చెక్కిన గీతలున్నాయి. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. తలుపు వెనక నిలబడి చూస్తుంటే నా చేతులు దురదపెట్టేవి. పులికి ఎదురుగా మేకను ఒంటరిగా పెట్టి, అది చచ్చిన తర్వాత "అయ్యో" అనే మగవాళ్లను నేను అక్కడే చూశాను. యెమ్మిగనూరులో మా నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే నాతో ఆడేవాడు. నూలు చుట్టిన నాడె విసరడం ఒక చేత్తో, మేకను జరపడం ఇంకో చేత్తో. నోట్లో ఎప్పుడూ ఒకటే పాట.

ఇప్పుడు నా పేరు సంగతి చెప్పాలి. నా పేరూ మా అత్త పేరూ ఒకటే. సంబంధం కుదిరినప్పుడు అందరూ ముచ్చటపడ్డారు. కాపురానికి వచ్చాక తెలిసింది, ఆ ముచ్చట ఎంత ఖరీదో. కన్నతల్లి పేరు పెట్టి పెళ్లాన్ని ఎవడు కేకేస్తాడు? మా అత్త తన పేరుతో తనే కోడల్ని ఎట్లా తిడుతుంది? అందుకని మొదటి రోజే నన్ను యెమ్మిగనూరామెను చేశారు. ఊరి పేరు పెట్టి కోడళ్లను పిలవడం మా వైపు ఉన్నదే. కానీ మిగతా కోడళ్లకు అసలు పేరు కూడా ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటుంది. నా పేరు మాత్రం నాకంటే ముందే ఆ ఇంట్లో మంచం వేసుకుని పడుకుని ఉంది. పాతికేళ్లు నా పేరు పెట్టి నన్ను ఆ ఇంట్లో ఎవరూ పిలవలేదు. పుట్టింటికి పోయినప్పుడు పిలిస్తే, ఎవరినో అనుకుని నేనే పలికేదాన్ని కాదు.

ఒక ఆదివారం టీ గ్లాసులు కడుగుతుంటే రేడియోలో ఒక ఆడమనిషి పేరు చదివారు. ఊరు చిప్పగిరి. మరియు లేదు, కుటుంబ సభ్యులు లేరు. ఉత్త ఆమె పేరు. కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను. చిప్పగిరిలో ఉన్నామెకు పేరుంది, ఆదోనిలో ఉన్న నాకు లేదా? ఆ రోజు నుంచి నాకు అదొక్కటే పట్టుకుంది. నా పేరు ఒక్కసారి ఆ పెట్టెలోంచి రావాలి.

ఆ సాయంత్రమే మా ఆయనను అడిగాను. "ఈతూరి కార్డులో నా పేరు గూడా రాస్తే ఏం పోతాది?"

"నీ పేరు రాస్తే మాయమ్మ పేరు రాసినట్లుంటాది. అయినా నువ్వు మరియులో ఉండావు గదా!"

ఎంతో దయతో చెప్పాడు. మరియులో చోటు ఇరుకైతే చెప్పమన్నట్టు చూశాడు.

అప్పుడే బడి వరండాలో పెద్దవాళ్లకు చదువు మొదలుపెట్టారు. నాకు నలభై దాటింది. పలక పట్టుకుని పోతుంటే అధ్యక్షుడు అరుగు మీది నుంచి ఆశీర్వదించాడు. "సంతకం వస్తే సాలమ్మా, ఆడోళ్లకు అంతకు మించి బరువెందుకు?" ఆయన ముప్పై ఏళ్లు మోశాడు కదా, ఆ బరువు ఆయనకే తెలుస్తుంది.

చదువు చెప్పే అమ్మాయి నాకంటే సగం వయసుది. నా పేరు పలక మీద రాసి చూపించింది. అందులో ఒక అక్షరం కింద ఒత్తుంది. వీధిలో ఎవరూ దాన్ని పలకరు, మా అత్తను పిలిచేటప్పుడు కూడా మింగేస్తారు. "ఇది మరిసిపోతే నీ పేరు కాదక్కా, ఇంకెవరిదో అవుతాది" అంది ఆ అమ్మాయి. నేను ఆ ఒత్తును నెల రోజులు దిద్దాను. మొదట్లో అది అక్షరం కింద కాకుండా పక్క ఇంట్లో పడేది.

చదువు మొదలైన ఏడాదికి, మా ఆయన గూట్లో పెట్టుకున్న కార్డుల్లోంచి ఒకటి తీశాను. నోటితో మాట్లాడినట్టే రాశాను, వేరే రాయడం నాకు రాదు కాబట్టి. యెమ్మిగనూరులో మా నాయన మగ్గం మీద పాడే పాట వెయ్యండి, ఆయన పోయినాక ఆ పాట ఎవురూ పాడలేదు అని రాసి, పాట మొదటి మాట రాశాను. కింద నా పేరు, ఆదోని. ఒత్తు పెట్టాను. మరియు పెట్టలేదు. కూరగాయలకు పోతూ ఎర్రడబ్బాలో వేశాను.

వారాలు గడిచాయి. ప్రతి ఆదివారం తలుపు దగ్గరికి వచ్చి, సంఘం వాళ్ల పదకొండు పేర్లు విని మళ్లీ లోపలికి పోయేదాన్ని. తర్వాత ఒక ఆదివారం, పులిమేక మంచి పట్టులో ఉండగా, రేడియోలో పాటలు వేసే ఆమె నా కార్డు చదివింది. యెమ్మిగనూరు అంది. మగ్గం అంది. నాన్నగారు అంది. మా నాయనను గారు అన్నది ఆమె ఒక్కతే. తర్వాత నా పేరు చదివింది. ఒత్తు ఎక్కడా జారకుండా, నిండుగా పలికింది. ఆదోని అంది. పాట మొదలైంది.

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"యో! ఇది పెద్దమ్మ పేరు గదా!" అన్నాడు ఒకడు.

పదకొండు తలలూ మా అత్త వైపు తిరిగాయి. ఆమె గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"మాయమ్మకు రాసేది రాదు కదప్పా" అన్నాడు మా ఆయన.

"ఎవరి సేతనో రాయించింటాది. ఏం పెద్దమ్మా?"

"మరి యెమ్మిగనూరు అని వచ్చె? మగ్గం అని వచ్చె?"

అధ్యక్షుడు చెయ్యెత్తాడు. "వయసు మీద పడితే ఊర్లు కలిసిపోతాయప్పా. కోడలిది యెమ్మిగనూరు గదా, దినామూ ఆ పేరే పిలిసి పిలిసి, ఆమె నోట్లో అదే వచ్చింటాది."

ఆ ఊరు ఎవరిదో తెలుసు. ఆ ఊరి మనిషి తలుపు పక్కనే నిలబడి ఉంది. అంత దగ్గరికి వచ్చి కూడా దారి తప్పాలంటే ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి ఉండాలి. మా అత్త చేతులు కొంగుకు తుడుచుకుంది. అవునని అనలేదు, కాదని అనలేదు. "ఇంగా ఏమేం సదివినారు?" అని మాత్రం అడిగింది. ఈ గొడవలో పాట అయిపోయింది. నేనూ సరిగ్గా వినలేదు.

ఆ రోజే ఆమెను సంఘంలో చేర్చుకున్నారు. ఇంట్లోంచి కుర్చీ తెచ్చి అరుగు మీద వేశారు. ఇక టీ పన్నెండు గ్లాసులు. వీధి ఆడవాళ్లు వచ్చి ఆమెను చూసి పోయారు. ఆమె కూడా చూపించుకోవడం నేర్చుకుంది. పాలు పోసేవాడు వచ్చే వేళకు తల దువ్వుకుని ఉండేది. నాకు అన్నం సయించలేదు. మరియులో ఉన్నప్పుడు కనీసం ఎవరూ నా చోటును తీసుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం, మగవాళ్లు లేని వేళ, ఎప్పటిలాగే అత్తా నేనూ అరుగు మీద పులిమేకకు కూర్చున్నాం. ఆమె ఎప్పుడూ పులులే. నావి మేకలు. ఆ రోజు నేను పంతం పట్టి ఆడాను. రెండు పులులు కట్టుబడ్డాయి.

"మా నాయన మగ్గం మీద కూసున్నదీ లేదు, పాడిందీ లేదు" అంది మా అత్త, బండ వైపు చూస్తూనే. "నోరు తెరిస్తే తిట్లే."

నేను ఇంకో మేకను జరిపాను.

"నువ్వు రాసినావని నాకు ఆ పొద్దే తెలుసు. ఇంగొకటి రాయి. ఈతూరి దేవుని పాట అడుగు. వీధిలో ఆడోళ్లు నాతో ఎంత మర్యాదగా మాట్లాడతాండారో సూస్తివా?"

"రాస్తా. నువ్వు ఒక పని సెయ్యాల. అరుగు మీద అందరూ ఉన్నప్పుడు నన్ను పేరు పెట్టి పిలవాల."

"నా పేరు నేనే పిలుసుకుంటే నన్ను పిచ్చిదంటారే!"

నేను చివరి చింతగింజ జరిపాను. మూడో పులికీ దారి మూసుకుపోయింది. "కదులు అత్తా."

ఆమె మూడు పులులనూ వేలితో తడిమి చూసింది. కదలడానికి ఏమీ లేదు. గులకరాళ్లు గుప్పిట్లో వేసుకుని లోపలికి పోయింది. సరేనని అనలేదు.

ఆదివారం వచ్చింది. సంఘం చేరింది. మా అత్త కుర్చీలో కూర్చుంది. నేను లోపల టీ పోస్తున్నాను. ఆమె గొంతు సవరించుకుంది. తర్వాత వీధి చివరికి వినపడేటట్టు, తన పేరును, నా పేరును, గట్టిగా పిలిచింది. "టీ తేమ్మా!" అంది.

పదకొండు తలలూ మళ్లీ ఆమె వైపే తిరిగాయి.

"పెద్దమ్మా" అన్నాడు అధ్యక్షుడు మెల్లగా, పిల్లలతో మాట్లాడినట్టు, "ఆ పేరు గలామె నువ్వే గదమ్మా."

"నేనొక్కదాన్నే గాదు. లోపల ఇంగొకామె ఉండాది. కార్డు రాసింది ఆమె. పాడింది వాళ్ల నాయన. నాకు పాటలూ లేవు, మగ్గమూ లేదు." ఒప్పందంలో లేని మాటలు అవి. అడగకుండానే ఇచ్చేసింది. వెంటనే దిగులు కూడా పడింది, "కుర్చీ మాత్రం ఇయ్యను" అంది.

"వస్తాండా" అన్నాను లోపల్నుంచి. నా పేరుకు ఆ ఇంట్లో నేను పలికిన మొదటి పలుకు అది. గ్లాసులు పట్టుకుని బయటికి వస్తే పదకొండుమంది నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ఒకే పేరు ఇద్దరికి ఉండటం వల్ల సంఘానికి వచ్చే ఇబ్బందుల మీద అధ్యక్షుడు చాలాసేపు మాట్లాడాడు. మా ఆయన గ్లాసులోకి చూస్తూ టీ చల్లారబెట్టుకున్నాడు.

మరుసటి వారం కార్డు రాస్తూ ఆయన నన్ను పిలిచాడు. పిలవడమంటే దగ్గాడు. పదకొండు పేర్ల కింద మా అత్త పేరు ఒకసారి, నా పేరు ఒకసారి రాశాడు. రెండుసార్లూ ఒత్తు లేదు.

"ఈడ ఒత్తు పెట్టాల" అన్నాను.

"అంత సన్న ఒత్తుకు ఏమైతాదిలే."

"మీయమ్మ పేరు గూడా అదే గదా."

కలం నా చేతికిచ్చాడు. రెండుచోట్లా ఒత్తు పెట్టాను. చివర ఆయన రాసిన "మరియు కుటుంబ సభ్యులు" దగ్గర కలం ఆగింది. కొట్టేద్దామనుకున్నాను. అందులో ఇంకా మిగతా సభ్యుల ఇళ్ల ఆడవాళ్లున్నారు. వాళ్ల పేర్లు రాద్దామంటే ఒక్కటీ నాకు తెలియదు. పాతికేళ్లుగా నేనూ వాళ్లను ఆలూరామె, పత్తికొండామె అనే పిలుస్తున్నాను.

కలం పట్టుకునే ఎదురింటికి పోయాను. ఆలూరామె చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది.

"ఏమ్మే, నీ పేరేంది?" అన్నాను.

ఆమె చెరగడం ఆపింది. నవ్వింది. తర్వాత చేట కింద పెట్టి, కొంచెంసేపు ఆలోచించింది.