పిడులు కోసిన కుర్చీ

2022లో, పత్తి ట్రాక్టర్లు ఆదోని రోడ్లను మూసేసే రోజుల్లో, ఒక జిన్నింగు మిల్లు మేనేజరు ఎమ్మిగనూరులోని మా షెడ్డుకు మనిషిని పంపించాడు. వీల్‌చెయిర్‌లో తిరిగే ఒక ఆడమనిషి వాళ్ళ మిల్లులో పడి పెదవి చీల్చుకుందట. ఆమె ఒంటరిగా తిరగడానికి పనికొస్తుందో లేదో నేను చూసి చెప్పాలట. "పనికొస్తుందా" అనే మాట దగ్గరే నాకు మండింది. సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడు అడిగే మాట అది.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. బడి ఏడో తరగతితో ఆగింది. ఆ తరువాత నా జీవితమంతా సైకిళ్ళు బాగుచేయడంలోనే గడిచింది. ఒకసారి ఎవరో విరిగిన వీల్‌చెయిర్ తెచ్చి పడేస్తే, దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివాను. ఇంకా పుస్తకాలు తెప్పించుకున్నాను. కొన్నాళ్ళకు, కుర్చీలు పంచే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు, వాటిని నడపడం నేర్పి పరీక్ష పెట్టే పని నాకే అప్పగించారు. దీన్ని వీల్‌చెయిర్ స్కిల్స్ అసెస్‌మెంట్ అంటారు. కుర్చీలో ఉన్న మనిషి దాన్ని ఎంత నేర్పుగా, ఎంత భద్రంగా నడుపుతున్నాడో చూడడం. ఇరుకులో తిప్పడం, వాలు ఎక్కి దిగడం, పడితే మళ్ళీ కుర్చీలోకి ఎక్కడం, ఇట్లాంటివన్నీ. లారీ డ్రైవరుకు పరీక్ష పెట్టేటప్పుడు ఎవరూ "పాపం" అనరు. నా దగ్గరికి వచ్చేవాళ్ళను చూస్తే మాత్రం అందరి నోటా అదే మాట. నాకది గిట్టదు.

ఆ మనిషి పేరు సుంకమ్మ. ముప్పై ఏళ్ళుంటాయి. సి.బెళగల్ వైపు ఒక చిన్న ఊరు. పత్తి ఏరడానికి కూలికి పోతుండగా ట్రాక్టరు బోల్తాపడి నడుము విరిగింది. నడుము కింద కదలిక లేదు. కొన్నేళ్ళు ఇంటి వసారాలో చాప మీదే గడిపింది. వాళ్ళ ఊరివాడే తిక్కన్న, ఆ మిల్లులో పాత హమాలీ, యజమానిని బతిమాలి ఆమెకు పని ఇప్పించాడు. ట్రాక్టర్లు కాటాకు పోయేముందు వరుస చీటీలు ఇచ్చే పని. మిల్లు వెనకనే చిన్న గది ఇచ్చారు. చీటీల గదికి ఎక్కే వాలు మీద ఆమె పడిన తరువాత మేనేజరు, తోడు మనిషి ఉంటేనే పని, లేకుంటే ఊరికి పొమ్మన్నాడు. ఆమెకు తోడు ఎవరు వస్తారు? ఉన్నది తల్లి ఒక్కతే, ఆమె కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. అంటే నేను చెప్పబోయే మాట మీద ఆమె చీటీల గదిలో ఉండడమో, మళ్ళీ ఆ చాప మీదికి పోవడమో తేలుతుంది.

మొదట మా షెడ్డులో చూశాను. కుర్చీ ముందు భాగంలో ఉండే చిన్న చక్రాలను కాస్టర్లు అంటారు. చిన్న గులకరాయి తగిలినా అవి ఆగిపోతాయి. అందుకే నేర్పు ఉన్నవాళ్ళు వాటిని గాలిలోకి లేపి పెద్ద చక్రాల మీదే అడ్డంకి దాటుతారు. దాన్ని వీలీ అంటారు. చాలామందికి అది రావడానికి నెలలు పడుతుంది. సుంకమ్మ కాస్టర్లు లేపి, అట్లే నిలబెట్టి, చీర కొంగు కూడా సర్దుకుంది.

"ఎవరు నేర్పినారమ్మా?" అన్నాను.

"ఎవరు నేర్పుతారు తాతా. మిల్లు ఎనక దూది కుప్పల కాడ పడుకుంట లేసుకుంట నేర్సుకున్యా. దూది మీద పడితే దెబ్బ తగల్దు గదా."

మరి ఇంత నేర్పరి వాలు మీద ఎట్లా పడింది? అడిగితే తల దించుకుంది. చెయ్యి జారిందని ఒక్క ముక్కతో సరిపెట్టింది. నేను నమ్మలేదు. మనిషి ఎక్కడ పడిందో అక్కడే పరీక్ష పెట్టాలన్నది నా పద్ధతి. మరుసటి రోజే ఆదోని పోయాను.

చీటీల గది అరుగు మీద ఉంది. అరుగెక్కడానికి నాపరాళ్ళ వాలు. ఆ వాలు నడిమధ్యన ఒక రాయి కుంగి, పై రాయి అంచు రెండు వేళ్ళ ఎత్తు లేచింది. ఆ రాయి సరిచేయించమని ఆ రోజే చెప్పాను. అది ఇప్పటికీ అట్లే ఉంది.

నేను స్పాటింగ్‌కు నిలబడ్డాను. అంటే కుర్చీ వెనక ఫ్రేముకు పట్టీ కట్టి దాన్ని ఒక చేత్తో వదులుగా పట్టుకొని, రెండో చెయ్యి మనిషి భుజం దగ్గర ఉంచి, పడితేనే తప్ప ముట్టుకోకుండా వెంట నడవడం. మేనేజరు అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. సుంకమ్మ వాలు సగం దాకా బిగువుగా ఎక్కింది. రాయి అంచు దగ్గర కాస్టర్లు లేపింది.

అంతలో పక్కనుంచి తిక్కన్న భుజం మీది పత్తి బోరా విసిరేసి, నన్ను తోసుకొని వచ్చి, కుర్చీ వెనక పిడులు రెండూ పట్టుకొని ముందుకు అదిమాడు. కాస్టర్లు టపీమని రాయి అంచుకు కొట్టుకొని ఆగిపోయాయి. కుర్చీ ఆగింది కానీ మనిషి ఆగలేదు. ముందుకు తూలిపోతున్న ఆమె భుజాన్ని నేను పట్టుకోకుంటే ఆ రోజూ నోరు పగిలేది.

తిక్కన్న ఆయాసపడుతూనే గర్వంగా నా వైపు చూశాడు. "సూస్తివా అన్నా. ముందు సక్రాలు పైకి లేస్తాండాయి. నేను పట్టుకోకుంటే ఎల్లకిలా పడిపోతాండె."

నాకు అంతా తెలిసిపోయింది. ముందు చక్రాలు గాలిలో ఉంటే ఈ ఊళ్ళో ఎవరికైనా మనిషి పడిపోతున్నట్టే కనిపిస్తుంది. పడిపోతున్న మనిషిని చూస్తూ ఊరికే నిలబడే అలవాటు మనవాళ్ళకు లేదు. మంచిదే. ఆ మంచితనమే ఆమెను బండకేసి కొట్టింది.

మేనేజరుకు మాత్రం ఇంకొకటి తెలిసింది. "చూశారు కదా పెద్దాయనా, మనిషి లేకపోతే ఈమె నడపలేదు. సహాయం అవసరమని రాసివ్వండి, సరిపోతుంది."

రాయనన్నాను. నేను పరీక్షించింది ఆమె నేర్పును, ఆ నేర్పులో లోటు లేదు, ఆమెను పడేసింది వాలూ కాదు, కుర్చీ కూడా కాదు అన్నాను. మరి ఎవరని అడిగాడు. అది చెప్పాల్సింది నేను కాదు. సుంకమ్మ వైపు చూశాను.

ఆమె తన అరచేతులు చూసుకుంది. తనను ఆ చాప మీద నుంచి లేపి ఈ మిల్లుకు తెచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. అందరి ముందర ఆయన్ను ఏమని అంటుంది? అనకపోతే పని పోతుంది. చివరికి తలెత్తింది.

"మామా, ఆ పొద్దు గూడా నువ్వు పట్టుకున్నందుకే పడినా."

తిక్కన్న మొహం మాడిపోయింది. "నేనా? నిన్ను నేను పడేసినానా?"

"నువ్వు మంచికే పట్టుకుంటివి. నేను కాదన్లేదు. ఎన్నిసార్లు వద్దన్యా నీ సెయ్యి ఆగదు మామా, నాకు తెల్సు. నీదే కాదు, ఈడ ఎవరి సెయ్యీ ఆగదు." తరువాత నా వైపు తిరిగింది. "తాతా, ఆ పిడులు కోసెయ్. పట్టుకునేకి ఏమీ లేకుంటే ఎవరూ పట్టుకోరు."

మేనేజరు గట్టిగానే అడ్డుపడ్డాడు. దూది మిల్లు ఇది, మంట లేస్తే ఏం పట్టుకొని లాగాలన్నాడు. ఫ్రేము పట్టుకొని లాగవచ్చని చూపించాను. అయినా మంట లేస్తే మీకంటే ముందు ఆమే గేటు దాటుతుంది అన్నాను. పడితే బాధ్యత ఎవరిదన్నాడు. దానికి సుంకమ్మే జవాబిచ్చింది.

"నాదే సార్. పోయినేడు మీరు ఈ వాలు మీదనే జారి పడితిరంట గదా. మీకు తోడు మనిషిని పెట్టినారా?"

వరుసలో ఉన్న ట్రాక్టరు డ్రైవర్లు పగలబడి నవ్వారు. మేనేజరు సరే కానీమని పక్కకు తప్పుకున్నాడు.

హ్యాక్సా నా సంచిలోనే ఉంటుంది. ఆమెను అరుగు అంచున కూర్చోబెట్టి, రెండు పిడులూ ఫ్రేముకు సమానంగా కోసేశాను. అంచులు ఆకురాయితో నునుపు చేసి రబ్బరు మూతలు బిగించాను. కోస్తున్నంతసేపూ తిక్కన్న అటు తిరిగి నిలబడ్డాడు. తరువాత తన బోరా ఎత్తుకొని పోయాడు. కొన్ని నెలలపాటు ఆమెతో మాట్లాడలేదని విన్నాను. ఆమె కట్టిన మూల్యం అది. తెలిసే కట్టింది.

ఆమె వాలు కిందికి పోయి మళ్ళీ ఎక్కింది. రాయి దగ్గర కాస్టర్లు లేచాయి. అప్పుడు కూడా ఒకరిద్దరి చేతులు ముందుకు లేచాయి, పట్టుకోవడానికేమీ కనిపించక గాలిలోనే ఆగాయి. సుంకమ్మ అంచు దాటి, అరుగెక్కి, చీటీల గదిలోకి పోయి, మొదటి ట్రాక్టరును పిలిచింది.

ఈ పనిలో నేను నేర్చుకున్న పాఠం ఇదే. అప్పటినుంచి ఎవరిని పరీక్షించాలన్నా ముందు కుర్చీలో ఉన్న మనిషిని చూడను, చుట్టూ నిలబడ్డవాళ్ళ చేతులు చూస్తాను. అడక్కుండా వచ్చే చెయ్యి వాలు కంటే ప్రమాదం. పడే అవకాశం ఇవ్వని మనిషికి నడిచే అవకాశం కూడా ఇవ్వనట్టే.

అయినా ఎమ్మిగనూరు టీ బంకుల్లో ఇప్పటికీ నన్ను నిలదీసేవాళ్ళున్నారు. పాపం, కాళ్ళు లేని మనిషి కుర్చీకి పిడులు కోసినావే, నీకు మనసెట్లా ఒప్పిందని అడుగుతారు. వాళ్ళకు నేనొకటే చెబుతాను. ముందు మీ వీపుకు రెండు పిడులు పెట్టించుకొని బజారుకు రండి. దారిన పోయే ప్రతివాడూ మంచి మనసుతో మిమ్మల్ని తనకు తోచిన దిక్కుకు తోస్తాడు. సాయంత్రం దాకా తట్టుకోండి. అప్పుడు మాట్లాడదాం.