తినుడంటే అన్నం

అమ్మ మోకాలికి ఆపరేషన్ చేయాలంటే ముందు బరువు తగ్గాలన్నారు ఖమ్మం డాక్టర్. తగ్గకపోతే చేయనని తేల్చి చెప్పారు. నేను మణుగూరులో మోటార్లు బాగుచేసే ఇంజనీర్‌ని. లోపలికి ఎంత పోతోంది, బయటికి ఎంత వస్తోంది అని చూడడం నా పని. అమ్మ విషయంలోనూ అదే లెక్క వేశాను.

రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె. పొద్దున కాలనీ రోడ్డు మీద మెల్లగా నడక. కుర్చీలో కూర్చుని కాళ్ళు ఎత్తి దించడం. అన్నీ చేసింది. నెల తిరిగేసరికి తూకం ముల్లు కాస్త పైకే జరిగింది. మిషన్ తప్పేమోనని పాతిక కిలోల బియ్యం సంచి పెట్టి చూశాను. పాతికే చూపించింది.

"ఏం తిన్నవమ్మా ఇయ్యాల?"

"ఏం తిన్న? పగటీలి ఇంత బువ్వ. గంతే."

అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. సెలవు రోజు ఇంట్లో ఉండి చూశాను. నడిచి రాగానే ఉప్మా, తర్వాత పక్కింటి ఖాలా పంపిన సేమ్యా, ఆ పైన గుప్పెడు పల్లీలు, రెండు అరటిపండ్లు.

"మరి ఇదంతా ఏందమ్మా?"

"గిది తినుడా? నోట్లె ఏసుకునుడు. తినుడంటే అన్నం గదరా!"

గోడ అవతలి నుంచి ఖాలా నవ్వింది. "ఇంజనీర్ సాబ్, ఉప్మాకు గూడ మీటర్ పెట్టు!"

చిక్కు వీడిందనుకున్నాను. నోట్లో వేసుకునేవి సగం చేశాం. మొదట బరువు తగ్గింది, తర్వాత అక్కడే ఆగిపోయింది. నడక పెంచితే ఆకలీ పెరిగింది. తిండి ఇంకా తగ్గిస్తే మధ్యాహ్నమంతా మంచం దిగలేదు. అంటే ఖర్చయ్యేదీ తగ్గిందన్నమాట. నేనొక మీట తిప్పితే, నాకు కనబడని ఇంకో మీటను ఒళ్ళు తనంతట తానే తిప్పుకుంటోంది.

సోమవారం మళ్ళీ ఖమ్మం వెళ్ళాలి. డాక్టర్ చెప్పిన బరువుకి అమ్మ ఇంకా రాలేదు. ఆదివారం అమ్మ చర్చి నుంచి నడిచే వచ్చింది. ఈ నడకలు మొదలుపెట్టకముందు ఆటో లేనిదే గేటు దాటేది కాదు. నొప్పి తగ్గిందా, ఓర్చుకుందా? అడిగితే "ఏమోరా" అని కంచం ముందు కూర్చుంది.

"ఆకలైతాంది బిడ్డా."

గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఈ ఆకలి నడక పనిచేస్తోందనడానికి గుర్తా, రేపటి తూకం చెడుతుందనడానికా?

"అన్నం పెడతవా, లెక్క పెడతవా?"

ఒక గరిటె పెట్టాను. ఇంకో గరిటె కోసం ఆమె కంచం వెనక్కి జరపలేదు.