పరాచికాల శుపికై

శుపికై వస్తోందంటే ముందు ఆమె గొంతు వచ్చేది, మనిషి తీరిగ్గా వెనక వచ్చేది. మనిషి లావు, నవ్వు ఇంకా లావు. బుహెరా పక్కనున్న ఆ పల్లెలో ఎయిడ్స్ అమ్మానాన్నల్ని ఎత్తుకుపోయిన ఇళ్ళన్నిటి బాధ్యతా ఆమెదే. ఊరుమ్మడి చేలో పండిన మొక్కజొన్న ముందుగా ఆ పిల్లల గాదెలకే చేరాలి. చేరేదాకా శుపికై ఎవర్నీ ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. కలుపుకి రాని మగాళ్ళని బోరింగు దగ్గర అందరి ముందూ కడిగేసేది. పొద్దున్నే ఏదో ఒక ఇంట్లో దూరి పొయ్యి వెలిగిందా, పిల్లలు బడికెళ్ళారా, తలలో పేలున్నాయా అని ఆరా తీసేది.

అలాంటి మనిషిని నెత్సాయి చావు గట్టి దెబ్బే కొట్టింది. మొగుణ్ణి తీసుకుపోయిన జబ్బే నెత్సాయినీ తీసుకుపోయింది. ఆమె శుపికైకి ప్రాణస్నేహితురాలు. పైగా ఆ ఇంటికి శుపికై సహ్విరా, అంటే తాతల నాటి నుంచి వస్తున్న పరాచికాల నేస్తం. చావింట్లో సహ్విరా పోయినవాళ్ళ బట్టలు తొడుక్కుని, వాళ్ళలాగే నడిచి, మాట్లాడి జనాన్ని నవ్వించాలి. ఆమె ఏమన్నా ఎవరూ కోప్పడకూడదు. చివర్లో ఏదడిగినా కాదనకూడదు. మామూలుగా అడిగేది ఓ కోడిపుంజు.

మట్టి చేసి వచ్చాక వాకిట్లో నెత్సాయి మరిది తకవీరా గొంతు సవరించుకున్నాడు.

"పెద్దపిల్ల మా ఇంట్లో ఉంటుంది. పిల్లాణ్ణి ముతారే పట్నంలో మా పెద్దన్న దగ్గరికి పంపుదాం. చిన్నదాన్ని అమ్మమ్మ తీసుకెళ్తుంది."

మనిషి చెడ్డవాడేం కాదు, పిల్లల మీద ప్రేమ ఉన్నవాడే. కానీ ఆ మాటకి నెత్సాయి ముగ్గురు పిల్లలూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకోవడం శుపికై చూసింది. గబగబా లోపలికెళ్ళి నెత్సాయి నీలం గౌను తొడుక్కుని వచ్చింది. కుట్లు పటపటా తెగాయి.

"ఏం మరిదీ, సరిగ్గా మొక్కజొన్న సద్జా వండే వేళకే వచ్చావే? నీ ముక్కులో గడియారం ఉందా ఏంటి?" అంది, అచ్చం నెత్సాయిలాగే నడుం మీద చెయ్యేసి, తల పక్కకి వాల్చి. "'ఆకలి లేదు వదినా' అంటూనే కుండ అడుగు గీకేవాడివి కదూ!"

వాకిలంతా విరగబడి నవ్వింది. తకవీరా కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"చాలు తల్లీ, చాలు! ఏం కావాలో అడిగి మమ్మల్ని వదిలెయ్."

"నా పిల్లలు ముగ్గురూ నా ఇంట్లోనే ఉండాలి."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"శుపికై, పరాచికానికీ ఓ హద్దుంటుంది."

"శుపికై ఎవరు? నేను నీ వదినని. తిండి ఊరుమ్మడి చేను పెడుతుంది. రాత్రిళ్ళు ఆడవాళ్ళు వంతులేసుకుని తోడు పడుకుంటారు. పనీపాటా లేని ఆ శుపికై ఉందిగా, రోజూ వచ్చి అరుస్తుంది. పోయింది నేను గానీ ఊరు కాదుగా?"

"వాళ్ళకేమన్నా అయితే పోయిన మా అన్నకి నేనేం చెప్పుకోను?"

"అయితే నువ్వూ రా. ఎద్దుల్ని తోలుకొచ్చి చేను దున్ను, పిల్లల్ని కళ్ళారా చూసుకో."

పెద్దాళ్ళు తకవీరా వంక చూశారు. ఆచారం ఏదైనా, పిల్లలు అతని ఇంటివాళ్ళు. కాదంటే అడ్డుకునేవాళ్ళు లేరు. శుపికై నడుం మీద చెయ్యి తియ్యలేదు.

తకవీరా లేచి ఆమె ముందుకొచ్చాడు. గొంతుక్కూర్చుని, ఇంటి పెద్దల ముందు మర్యాదకి చేసినట్టు రెండు చేతులూ మెల్లగా చరిచాడు.

"సరే వదినా. పిల్లలు ఇక్కడే ఉంటారు. నేను చూసుకుంటాను. చాలా బాధపడ్డావు, ఇంక వెళ్ళి పడుకో."

పొద్దుట్నుంచీ ఒక్క కన్నీటి చుక్క రాల్చని శుపికై, అక్కడే నేల మీద చతికిలబడి నెత్సాయి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది.