ఒంటిమీట లువాన్

మా లువాన్ గారిది ఒకటే పట్టు: కెమెరాకి ఒక మీట మించి ఉండకూడదు. రెండో మీట కనిపిస్తే చాలు, చేదు మాత్ర నమిలినట్టు ముఖం పెట్టేవాడు. హనోయ్ దగ్గరి బాక్‌నిన్‌లో నా టీకొట్టు పక్కనే ఆయన ఫొటో స్టూడియో. ఆయన కెమెరా ఆయన కూతురికంటే వయసులో పెద్దది. దాని తోలు తొడుగు ఊడిపోకుండా సైకిల్ ట్యూబు ముక్కొకటి చుట్టి ఉండేది. దాన్ని చూసి నవ్వనివాడు ఊళ్ళో లేడు, అందరికంటే ఎక్కువ నవ్వింది నేను.

కూతురు థావ్ హనోయ్ వెళ్ళి కొత్త కెమెరా కొనుక్కొచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది ఫొటోలు తీస్తుందా, విమానం నడుపుతుందా?”

“ఎదుటి మనిషి నవ్వితే చాలు నాన్నా, దానంతటదే తీసేస్తుంది.”

“మరి నీతో పనేముంది? వచ్చి నాతో టీ తాగు.”

ఆ వారమే మెన్ అవ్వ వచ్చింది. పోయాక పూజాపీఠం మీద పెట్టే ఫొటోని మా పెద్దవాళ్ళు బతికుండగానే దగ్గరుండి తీయించుకుంటారు. అందరూ బిగుసుకుని కూర్చుంటారు. అవ్వ మాత్రం నవ్వుతూ తీయమంది.

“మునిమనవలు అగరొత్తులు వెలిగించేటప్పుడు నన్ను చూసి జడుసుకోకూడదే పిల్లా.”

థావ్ కెమెరా నిలబెట్టింది. టీ గ్లాసుతో నేనూ అక్కడే నిలబడి చూస్తున్నాను. అవ్వ నోరారా నవ్వింది. కెమెరా ఉలకలేదు. ఇంకాస్త నవ్వింది. పలకలేదు. విషయం నాకు తట్టింది. ఆ కాలపు ఆడవాళ్ళ ముచ్చట ప్రకారం అవ్వ పడుచుతనంలో పళ్ళకి లక్కతో నల్లరంగు వేయించుకుంది. తెల్లపళ్ళు మాత్రమే ఎరిగిన ఆ యంత్రానికి అది నవ్వని తెలియలేదు. థావ్ కంగారుగా మీటలన్నీ నొక్కింది. తెర మీద ఏవో అక్షరాలు వెలిగాయి.

“ఏమంటోందే?” అంది అవ్వ.

థావ్ నీళ్ళు నమిలింది. “నవ్వమంటోంది అవ్వా.”

అవ్వ టక్కున నోరు మూసేసుకుంది. “నా నవ్వు దానికి ఆనలేదన్నమాట. వద్దులే, నాకు ఫొటోనే వద్దు.” చేతికర్ర అందుకుని లేచింది.

లువాన్ గారు తన డొక్కు కెమెరాతో గుమ్మానికి అడ్డం వచ్చాడు.

“ఒక్క నిమిషం కూర్చో పెద్దక్కా, దీనికి ప్రాణముందో లేదో చూస్తాను.” గట్టిగా ఊదాడు. దుమ్ము లేచి ఆయనే తుమ్మాడు. ఆ తుమ్ముకి ట్యూబు ముక్క ఎగిరొచ్చి నా టీలో పడింది.

“నన్ను తీస్తానంటావేంరా, నాకంటే ముందు అదే పోయేట్టుంది,” అంటూ అవ్వ నల్లపళ్ళన్నీ బయటపెట్టి విరగబడి నవ్వింది.

క్లిక్కుమంది.

అవ్వ వెళ్ళాక ఆయన కూతురి కెమెరా అందుకుని, టకటకా నాలుగు మీటలు నొక్కి తిరిగిచ్చాడు. “నవ్వు కోసం ఆగడం మాన్పించాను. ఇక నువ్వు చెప్తేనే తీస్తుంది.”

థావ్ నోరు తెరిచింది. “ఇవన్నీ నీకొచ్చా నాన్నా?”

“రాకేం. కానీ దీన్ని చూస్తే ముసలివాళ్ళు ఆసుపత్రికొచ్చినట్టు భయపడతారమ్మా. నాదాన్ని చూస్తే నవ్వుతారు. అందుకే ఆ ట్యూబు వదులుగా కడతాను.”

ఇన్నేళ్ళూ మేమాయన్ని వెక్కిరిస్తున్నామనుకున్నాం, ఆయనే మమ్మల్ని నవ్వించి తన పని కానిచ్చుకుంటున్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

అలాంటి ఫొటో పెట్టెలో దాచుకోవడం మా ఆచారం. మెన్ అవ్వ మాత్రం పటం కట్టించి, చంకన పెట్టుకుని సంతంతా తిరిగింది. చేపలమ్మే ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. “అవ్వా, అది పోయాక చూపించేది కదా.”

“ఇంత బాగా వచ్చాక అందాకా ఎవరాగుతారే?” అంది అవ్వ.