ముందు ప్లేటు, తర్వాతే గ్లాసు

మా అమ్మమ్మ ఒక్కసారి కళ్ళెర్రజేసిందంటే సీసాలో బీరు కూడా నురగ మానేసి మంచినీళ్ళలా కూర్చుంటుంది. అబద్ధమైతే నా నాలుక కోసేయండి. మా పార్కులో సూర్యుడు సైతం ఆవిడ స్టవ్ వెలిగించాక, టీ వాసన చూసుకుని గానీ పైకి రాడు. ఇంత గొప్ప మనిషి ఎత్తు ఎంతా అంటే, మా హోటలు కౌంటరు కన్నా ఒక్క జానెడు ఎక్కువ. కౌంటరు వెనక పీట మీద నిలబడుతుంది కాబట్టి వచ్చేవాళ్ళకి ఆ సంగతి తెలీదు. ఇప్పుడు నేను చెప్పేశాను.

నా చదువు సంగతి కూడా చెప్పేస్తాను. తొమ్మిదో తరగతిలో నన్ను రెండేళ్ళు కూర్చోబెట్టిన మాస్టారు మూడో ఏడు కూడా కూర్చోబెడతానంటే, అమ్మమ్మ బడికొచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. కూర్చోవడం బాగానే వచ్చింది కదా, ఇక నిలబడ్డం నేర్చుకోమంది. అప్పట్నించి పదకొండేళ్ళుగా ఆ హోటల్లో నిలబడే ఉన్నాను. మాస్టారిని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తారు.

హోటలంటే పెద్దదేం కాదు. పార్కు మధ్యలో, పిల్లలు ఆడుకునే ఇసుక గుంటకీ పనిముట్ల కొట్టుకీ నడుమ ఒక వంటగది, రేకుల వరండా, ఎనిమిది బల్లలు. తాతయ్య ఆ పార్కులో తోటమాలి. పెళ్ళయిన కొత్తలో అమ్మమ్మ ఆయనకి మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేది. మూత తీయగానే మిగతా తోటమాలులంతా మెడలు సాచేవారట. ఒకరికి తెచ్చింది ముగ్గురికయింది, ముగ్గురికి తెచ్చింది పదిమందికయింది. రోజూ ఇంత మోయడం ఎందుకని ఒకరోజు పొయ్యినే మోసుకొచ్చేసింది. పార్కుల ఆఫీసువాళ్ళు వచ్చి పొయ్యి తీసేయమన్నారు. తీయలేదు. ఈలోగా వాళ్ళకీ ఆకలి వేళయింది. తిన్నారు. రెండేళ్ళకి వాళ్ళే గది కట్టించి లీజు రాసిచ్చారు. ఎవరైనా వచ్చి కూడదంటే అమ్మమ్మ చేసే మొదటి పని వాళ్ళకి కుర్చీ వెయ్యడం.

తాతయ్య తాగేవాడు. పార్కులో తాగకూడదని రూలు. అందుకని పనిముట్ల కొట్టు వెనక, గోడకీ గడ్డి కోసే మిషనుకీ మధ్య ఉన్న సందులో నిలబడి తాగేవాడు. కాపలావాడి ఈల అటు చివర వినబడి ఇటు చివరికి వచ్చేలోగా సీసా మొత్తం గుటకల్లో దింపేయాలి. దింపేసేవాడు. ఇరవై ఏళ్ళపాటు అమ్మమ్మ ఆయన్ని ఆ సందులోంచి, చంకల కింద చేతులేసి లేపింది. ఒకరోజు లేవలేదు. డాక్టరు కాగితం మీద లివరు అని రాశాడు. ఆయన్ని తీసుకుపోయింది ఆ చీకటి సందేనని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది.

తాతయ్య పోయాక కూడా రూలు అలాగే ఉంది, సీసాలూ అలాగే ఉన్నాయి. హోటలు సాయంత్రం అయిదింటికి మూసేయాలి. దీపాలున్నది హోటలుకే కాబట్టి, మూయగానే పార్కంతా గోడ దూకి వచ్చేవాళ్ళ సొంతం. తెల్లారి స్టవ్ వెలిగించే ముందు అమ్మమ్మ వంటింటి పాత పట్టకారు, ఖాళీ రంగు డబ్బా పట్టుకుని బయల్దేరుతుంది. ముందు ఇసుక గుంట. వేళ్ళు దువ్వెనలా పెట్టి ఇసుకంతా దువ్వుతుంది. తర్వాత ఉయ్యాల కింద, తర్వాత బెంచీల చుట్టూ. దొరికిన ఒక్కో గాజు పెంకూ డబ్బాలో టంగుమంటుంది. రెండేళ్ళ కిందట ఒక పెంకు ఆవిడ మడమలోనే దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. అప్పట్నించి కొంచెం కుంటుతుంది. డాన్సు ఎప్పుడు నేర్చుకున్నావని నేను ఏడిపిస్తే అదే పట్టకారుతో నా జడ పట్టుకుంటుంది.

ఈ ఏరుడులో ఒక వింత ఉంది. ప్రతి గురువారం పొద్దున గేటు పక్క చెత్తకుండీలో ఒక పొట్లం ఉంటుంది. న్యూస్‌పేపర్లో చుట్టి, పురికొసతో ముడేసిన ఖాళీ సీసా. ఆ పేపరు మీద గళ్ళనుడికట్టు ఎర్ర ఇంకుతో పూర్తిగా నింపి ఉంటుంది, ఒక్క కొట్టివేత లేకుండా. ఆ అక్షరాలు నేను పోల్చుకోలేనా? నా పరీక్ష పేపర్ల మీద సున్నాలు చుట్టిన చెయ్యి అది. మాస్టారు రిటైరయి, ఇప్పుడు పొద్దున్నే పార్కులో నడిచేవాళ్ళ సంఘానికి అధ్యక్షులు. ఇంట్లో చెత్తబుట్టలో వేస్తే కోడలు చూస్తుందని కాబోలు, నడకకి వస్తూ వస్తూ మా కుండీకి తెచ్చేవారు. నేను ఊరంతా దండోరా వేస్తానన్నాను. అమ్మమ్మ నోరు మూసుకోమంది. ఇప్పుడు రాసేస్తున్నావు కదా అంటారేమో, మాస్టారు ఇది చదవరు. నా రాత చదవడం ఆయన పదకొండేళ్ళ కిందటే మానేశారు.

నిరుడు నగర సభ కొత్త రూలు తెచ్చింది. పార్కుల్లో ఉన్న హోటళ్ళన్నీ ఇకమీదట రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచాలి. ఉంచలేనివాళ్ళ లీజు ఏడాది చివరితో సరి. కావాలనుకున్నవాళ్ళు తిండితో పాటు బీరు, వైను కూడా ఇవ్వచ్చు, కాకపోతే చుట్టుపక్కలవాళ్ళ అభ్యంతరాలు విని అధికారి ఒప్పుకోవాలి.

అమ్మమ్మ ముందు ఒక నెల టీతోనే తెరిచి చూసింది. ఒక్క కుటుంబం వచ్చి కూర్చునేసరికి చెట్ల కింది చీకట్లోంచి పాటలు, ఆ పాటల వెనక మా రేకుల మీద పడి పగిలిన ఒక సీసా. ఆ కుటుంబం సూప్ వదిలేసి పిల్లల్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఎనిమిది బల్లలకీ నేనూ, అమ్మమ్మా, ఒక పిల్లీ. నెలాఖరున ఆవిడ నన్ను పిలిచి దరఖాస్తు రాయమంది. బీరుకీ వైనుకీ. నేను కలం పట్టుకుని ఆవిడ మొహంలోకి చూశాను. జీవితంలో ఒక్క చుక్క నాలుక మీద వేసుకోని మనిషి. తప్పుల్లేకుండా రాయమంది, అంతే.

వార్త నడక సంఘానికి పాకింది. మర్నాడు మాస్టారు రోజూలాగే కౌంటరు దగ్గర నిలబడి టీ తాగుతూ, అందరికీ వినపడేలా అడిగారు.

"చెల్లెమ్మా, మీ ఆయన ఏమైపోయాడో అప్పుడే మర్చిపోయావా? ఇంకో నలుగురు ఆడవాళ్ళని నీలా మిగల్చాలనా?"

అమ్మమ్మ పీట మీద నుంచి వంగి ఆయన చేతిలోని గ్లాసు లాగేసుకుంది. సగం టీ ఇంకా ఉంది.

"మర్చిపోలేదు మాస్టారూ. ఆయన నా ఎదురుగా కూర్చుని తాగుంటే ఇదిగో, ఇలాగే లాక్కునేదాన్ని. దాక్కుని తాగాడు కాబట్టే నా చెయ్యి అందలేదు."

తర్వాత గ్లాసు కడిగి, వేడి టీ నిండుగా పోసి ఆయనకే ఇచ్చింది. ఆయన తాగకుండా వెళ్ళిపోయారు.

అభ్యంతరాలు వినే రోజు వచ్చింది. పార్కుల ఆఫీసు పై అంతస్తులో, ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోయే గది. ఒక పక్క నడక సంఘం, పాతికమంది, అందరూ తెల్ల బూట్లు. ఇంకో పక్క మేమిద్దరం. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. నా సంచీలో మాత్రం ఆ వారం పొట్లం ఉంది, గళ్ళనుడికట్టుతో సహా. అమ్మమ్మకి చెప్పలేదు. రెండేళ్ళ తొమ్మిదో తరగతికి వడ్డీతో సహా కసి తీర్చుకుందామని నా ఆశ.

మాస్టారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. పిల్లలు చెడిపోతారన్నారు, ఆడవాళ్ళు రావడం మానేస్తారన్నారు, పార్కు పేరు పాడవుతుందన్నారు. ఆ పేరు పొద్దున్నే పట్టకారుతో ఏరేది ఎవరో ఆయన చెప్పలేదు. చివరికి అధికారి వైపు తిరిగి అన్నారు, "అది మర్యాదస్థులు తిరిగే చోటు సార్. ఇన్నేళ్ళలో ఆ పార్కులో ఒక్క మర్యాదస్థుడి సీసా చూసిందేమో ఆవిడనే అడగండి."

నా చెయ్యి సంచీలోకి పోయింది. పురికొస జిప్పుకి తగులుకుంది. దాన్ని లాగుతుండగా బల్ల కింద అమ్మమ్మ కుంటి కాలు వచ్చి నా కాలి మీద పడింది. నలభై ఏళ్ళు నిలబడ్డ కాలు, మామూలు బరువు కాదు.

"చూశాను" అంది అధికారితో.

అధికారి కళ్ళజోడు తీసి, "ఎవరిదమ్మా?" అన్నాడు.

"నేను ఏరేది గాజుని సార్. పేర్లని కాదు."

మాస్టారు ఎర్ర కలం మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. అమ్మమ్మ ఆయన వైపు చూడనే లేదు. తన లెక్క తను చెప్పుకుపోయింది. పార్కులోకి తాగుడు రావాలా వద్దా అని అందరూ నన్నడుగుతున్నారు, అది వచ్చి నలభై ఏళ్ళయింది, గోడ దూకి వచ్చింది. దాన్ని గేటులోంచి రమ్మంటున్నాను, దీపం కింద మొహం కనపడేలా కూర్చోమంటున్నాను, అంతే. నా హోటల్లో ముందు ప్లేటు, తర్వాతే గ్లాసు. ప్లేటు ఖాళీ అయితే రెండోది. మూడోది లేదు. సీసా బల్ల మీదకి రాదు, గ్లాసు గడప దాటదు. ఇదంతా ఒక్క గుక్కలో చెప్పింది.

మూడోది ఇవ్వనంటే లేవకుండా గొడవ చేసేవాణ్ణి ఏం చేస్తావని అధికారి అడిగాడు. ఆవిడ ఎత్తు చూసి అడిగాడని తెలుస్తూనే ఉంది.

"ఇరవై ఏళ్ళు నా మొగుణ్ణి లేపాను సార్. పరాయివాళ్ళు నాకో లెక్కా?"

తెల్ల బూట్లలో ఎవరో కిసుక్కుమన్నారు. సంఘం ఇంకేమైనా చెబుతుందా అని అధికారి అడిగాడు. మాస్టారి చేతిలో ఇంకా మూడు కాగితాలున్నాయి, నేను చూశాను. ఆయన వాటిని నాలుగు మడతలు పెట్టి, అభ్యంతరం రాసిచ్చాం కదా, ఇంతకన్నా చెప్పేదేం లేదని కూర్చున్నారు. వెనక్కి మాత్రం తీసుకోలేదు. అధికారి ఆరు నెలల పరీక్ష పెట్టాడు. గొడవ జరిగితే అనుమతీ లీజూ రెండూ పోతాయి, జరక్కపోతే రెండూ ఉంటాయి.

మా ఇంట్లో పరీక్షలంటే నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు కాబట్టి నాకు చలి జ్వరం వచ్చింది. అమ్మమ్మకేం రాలేదు. బీరు కంపెనీ కుర్రాడొకడు టై కట్టుకుని, గ్లాసులో ఎలా పోయాలో నేర్పడానికి వచ్చాడు. అతను నోరు తెరిచేలోగానే ఈవిడ సీసా అందుకుని, టీ తిరగబోసే అలవాటుకొద్దీ చెయ్యి తలపైకెత్తి, గజం ఎత్తు నుంచి ధారగా పోసేసింది. గ్లాసులో నురగ, కౌంటరు మీద నురగ, అతని టై మీద నురగ. పాలు విరిగినట్టున్నాయి అంది. వైను సీసా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, పులిసిపోయింది, వెనక్కి పట్టుకుపో అంది. అతను చాలాసేపు బతిమాలాడు.

మొదటి సాయంత్రం బల్లలు తుడవక ముందే ఆవిడ ఒక దీపం, తీగ చుట్ట నా చేతికిచ్చి పనిముట్ల కొట్టు వెనక సందులోకి నడిచింది. గోడకి మేకు తనే కొట్టింది. దీపం వెలిగేసరికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు. గోడలకి రంగులేసే మేస్త్రీ, చేతిలో సీసా, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని. అమ్మమ్మ అతన్ని చాలాసేపు చూసింది. అతను నిలబడ్డ చోటు సరిగ్గా తాతయ్య నిలబడే చోటు. నేను దీపం తీగ సర్దుతున్నట్టు నటించాను.

"చేతులు కడుక్కుని వచ్చి కూర్చో" అంది చివరికి. "గుడ్లు ఉడికాయి."

అతను వచ్చాడు. బంగాళాదుంప వేపుడు, రెండు గుడ్లు, రొట్టె ముందు పెట్టి, అతను సగం తిన్నాక గ్లాసు పెట్టింది. ఆ వారంలోనే చెట్ల కింది పాటగాళ్ళూ ఒక్కొక్కరే దీపం కిందికి వచ్చారు. వెలుతురులో చూస్తే సగం మంది మాకు పొద్దుటి పూట టీ ఖాతాదార్లే. ఒకడు మూడో గ్లాసు కోసం బల్ల గుద్దాడు. మీ తాత దిగొచ్చి అడిగినా లేదని ఆవిడ పీట దిగి అతని ముందు నిలబడింది. అప్పుడే అతనికి ఆవిడ ఎత్తు తెలిసింది. నవ్వు ఆపుకోలేక లేచి వెళ్ళాడు. సూప్ వదిలేసి పోయిన కుటుంబం కూడా మళ్ళీ వచ్చింది, ఆ సూప్ మళ్ళీ వేడిచేసి పెట్టానని అమ్మమ్మ అబద్ధం చెప్పింది.

ఆరు నెలలూ గడిచాయి. మా వంశంలో పరీక్ష పాసైన మొదటి మనిషి మా అమ్మమ్మ. లీజు కాగితం వంటగది తలుపు వెనక అతికించి ఉంది. గోడ దూకేవాళ్ళు పూర్తిగా మానలేదు, రంగు డబ్బా ఇంకా బయల్దేరుతూనే ఉంది. ఇదివరకు నిండేది, ఇప్పుడు అడుగు కప్పి ఊరుకుంటోంది. మాస్టారు పొద్దున టీకి వస్తారు. సాయంత్రం ఒక్కసారీ రాలేదు.

నిన్న గురువారం. గేటు పక్క కుండీలో పొట్లం మామూలుగానే ఉంది, పురికొస ముడి, ఎర్ర ఇంకు, అన్నీ. అమ్మమ్మ దాన్ని తీసి కోడిగుడ్డుని పెట్టినంత జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది. ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న అప్పుడడిగాను. ఆరోజు నా సంచీలో ఇది ఉందని నీకు తెలుసు కదా, నా కాలెందుకు తొక్కావు, ఆయన్ని క్షమించేశావా, నువ్వంత గొప్పదానివా అని. రాద్దామని కలం కూడా తీశాను.

పట్టకారు మట్టిలో గుచ్చి నా వైపు తిరిగింది.

"క్షమించడమేంటే మొద్దూ. నలుగురిలో చెబితే ఆయన మర్నాటి నుంచి ఆ సీసాని పొదల్లోకి విసురుతాడు. అప్పుడు దాన్ని ఏరేది నువ్వా?"